నమిలాడా, మింగాడా? ఆముదపు గింజలు తిన్న ఇద్దరు పిల్లల కేసు

పాలమూరులో డిసెంబర్ అంటే వాకిళ్లలో, కల్లాల్లో ఆముదాలు ఎండబోసే కాలం. ఒకప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ఎర్ర చెల్కల్లో ఎటు చూసినా ఆముదపు చేలే ఉండేవి. పత్తి వచ్చాక బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన క్రాంతి రకం పేరు ఇక్కడి పెద్ద రైతులకు ఇప్పటికీ నోటికి వస్తుంది. అలాంటి చోట పిల్లల డాక్టర్‌గా పని చేస్తూ కూడా, ఆముదపు గింజ తిన్న పిల్లవాడిని ఎలా చూడాలో నేను పుస్తకంలో రెండు లైన్లే చదివాను. మిగతాదంతా ఈ కేసు నేర్పింది. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి తండ్రి ఒప్పుకున్నాడు.

తెల్లవారుజామున

బాబుకు 7 ఏళ్లు, బరువు 19 కిలోలు. కల్వకుర్తి వైపు ఒక పల్లె నుంచి ఉదయం 5 గంటలకు ఆటోలో తీసుకొచ్చారు. తల్లిదండ్రులు పుణెలో బిల్డింగ్ పనికి వలస వెళ్లారు. తీసుకొచ్చింది నాయనమ్మ, పక్కింటి అబ్బాయి. ఆమె ఒళ్లో బాబు చెల్లెలు నిద్రపోతోంది.

ముందు రోజు రాత్రి 8 గంటల నుంచి వాంతులు, 10 గంటల నుంచి విరేచనాలు. ఊళ్లో చూసినాయన తిండి పడలేదని ఒక ఇంజెక్షన్ చేసి, విరేచనాలు ఆగడానికి ఒక బిళ్ల వేసి పంపాడు. తెల్లవారేసరికి పిల్లవాడు లేచి కూర్చోలేని స్థితికి వచ్చాడు. మేం చూసేటప్పటికి కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది. పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. నాడి నిమిషానికి 152, బీపీ 80/50, కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 4 సెకన్లు పట్టింది. మేం చూస్తుండగానే ఒక విరేచనం అయింది. నీళ్లలా ఉంది, జిగురుతో పాటు సన్నటి రక్తపు చారలు ఉన్నాయి.

చలికాలంలో ఒక్కడికే ఇంత తీవ్రంగా రావడం, ఇంట్లో ఇంకెవరికీ ఏమీ లేకపోవడం నాకు పొసగలేదు. ఐవీ లైన్ పెడుతూనే అడిగాను.

"అవ్వా, పిల్లగాడు నిన్న ఏం తిన్నడు?"

"ఏం తినలే సారూ. పొద్దుగాల జొన్నరొట్టె, పగటీలి అన్నం. అందరం అదే తిన్నం."

"బడికి పోయిండా?"

"ఆయితారం కద సారూ. వాకిట్ల ఆడుకుండ్రు. ఆముదాలు ఎండబోసినం, గవ్విటి తోని దుకాణం ఆట ఆడిండ్రు."

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న పిల్లవాడు చిన్న గొంతుతో అన్నాడు. "నేను తిన్న. కాజు లెక్క తెల్లగ ఉండె."

"ఎన్ని తిన్నవు నాన్నా?"

నాలుగు వేళ్లు చూపించి, కాసేపు ఆగి, ఐదో వేలు కూడా తెరిచాడు.

"నమిలి తిన్నవా, గుటుక్కున మింగినవా?"

"నమిలిన. తియ్యగ లేకుండె."

ఆ మాటతో విషయం తేలిపోయింది. అవ్వ మాత్రం నమ్మలేదు. "ఆముదం మేం పసిపిల్లలకే తాగిస్తం కద సారూ. గింజ తింటె ఏమైతది?" అంది. ఆ ప్రశ్న చాలా సరైనది. దానికి జవాబు కింద వివరంగా రాస్తాను.

ఏ గింజ?

పక్కింటి అబ్బాయి ఊరికి ఫోన్ చేసి గింజలు తెప్పించాడు. ఈ పని ఎంత ఒత్తిడిలో ఉన్నా వదలకూడదు. మన దగ్గర 'ఆముదం గింజలు' అని చెప్పి తీసుకొచ్చే కేసుల్లో సగానికి సగం అడవి ఆముదం అయి ఉంటుందని నా అనుభవం. పొలాలకు, హాస్టళ్లకు కంచెగా పెంచే చెట్టు అది. దాని గింజ నల్లగా, గరుకుగా ఉంటుంది. తిన్న కాసేపటికే వాంతులు మొదలై, ఎక్కువ మందిలో ఒక రోజులో సర్దుకుంటుంది. అందులో బాధ పెట్టేది ముఖ్యంగా ఫోర్బాల్ ఎస్టర్లు అనే నూనె పదార్థాలు.

అవ్వ ఇంటి నుంచి మూటగట్టి పంపిన గింజలు వేరు. నున్నగా మెరుస్తున్నాయి, బూడిద రంగు మీద ముదురు గోధుమరంగు మరకలు, ఒక కొసన తెల్లటి చిన్న బుడిపె. అరచేతిలో పెట్టుకుని చూస్తే, రక్తం తాగి ఉబ్బిన పిడుదు గుర్తొస్తుంది. ఈ మొక్కకు శాస్త్రీయ నామం రిసినస్ కమ్యూనిస్. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదే. గొడ్ల చెవుల్లోంచి పిడుదులు తీసిన ఏ పాలమూరు రైతు పేరు పెట్టినా అదే పెట్టేవాడు. నల్లమల అంచున అచ్చంపేట వైపు నుంచి ఇలాంటి కేసు వస్తే మేం మూడో గింజను కూడా అడుగుతాం, అదే గురిగింజ. దాని విషం అబ్రిన్. అదీ ఇదే జాతి విషం, ఆముదపు గింజలో ఉండే రిసిన్ అనే విషం కన్నా చురుకైనది. పూసలుగా గుచ్చడానికి బెజ్జం పెట్టిన గురిగింజ మామూలు గింజ కన్నా ప్రమాదం. ఎందుకో ఈ కేసు కథ చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి పది గంటలు

తీవ్రమైన డీహైడ్రేషన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారమే వెళ్లాం. రింగర్ లాక్టేట్ కిలోకు 30 మి.లీ. చొప్పున 570 మి.లీ. అరగంటలో, తర్వాత కిలోకు 70 చొప్పున 1,330 మి.లీ. రెండున్నర గంటల్లో. షుగర్ 58 ఉంది. 10 శాతం డెక్స్‌ట్రోజ్ 95 మి.లీ. ఇచ్చాం. సోడియం 131, పొటాషియం 2.9, కిడ్నీల పనితీరు చెప్పే యూరియా 62, క్రియాటినిన్ 1.1. హిమోగ్లోబిన్ 14.8 అని వచ్చింది. ఆ ఊరి పిల్లవాడికి అంత ఉందంటే సంతోషించాల్సింది కాదు, రక్తంలో నీరు ఇంకిపోయిందని అర్థం. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 38, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ మామూలుగానే ఉంది.

పొట్ట కడగలేదు. పొట్టలో విషాన్ని పట్టి ఉంచే బొగ్గుపొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా ఇవ్వలేదు. గింజలు తిని అప్పటికి 13 గంటలు దాటింది, పైగా వాంతులు అవుతున్నాయి, మగతగా ఉన్నాడు. ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రాణాంతకం తెచ్చిపెట్టినట్టే. గింజలు నమిలిన గంట లోపల, తెలివిగా ఉన్న పిల్లవాడిని తెస్తే చార్‌కోల్‌కు ఒక అర్థం ఉంది. డయాలిసిస్ గురించి హౌస్ సర్జన్ అడిగింది. రిసిన్ చాలా పెద్ద అణువు, 60 వేల డాల్టన్లకు పైగా బరువు. డయాలిసిస్ జల్లెడలోంచి అది రాదు. కిడ్నీలు దెబ్బతింటే వాటి కోసం డయాలిసిస్ చేస్తాం తప్ప విషం తీయడానికి కాదు. దీనికి విరుగుడు మందు కూడా మార్కెట్‌లో లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి ఫోన్ చేశాం. వాళ్లూ ఇదే చెప్పారు: నీళ్లు, లవణాలు, షుగర్, కనిపెట్టుకుని ఉండటం.

యాంటీబయాటిక్స్ ఇవ్వలేదు. విరేచనాలు ఆపే బిళ్ల మానేశాం. ఆ బిళ్ల వల్ల నమిలిన గింజల పిండి పేగులో ఇంకాసేపు నిలిచి ఉంటుందని నా భయం. ఊళ్లో చూసినాయన తెలియక ఇచ్చాడు, నిజమే. కానీ గింజల సంగతి ఆ రాత్రి ఎవరైనా అడిగి ఉంటే పిల్లవాడు ఏడు గంటల ముందే మా దగ్గరకు వచ్చేవాడు.

ఉదయం 9:30కి మూత్రం వచ్చింది. ఆ తర్వాతే సెలైన్‌లో పొటాషియం కలిపాం.

విషం కేసు కాబట్టి ఎంఎల్‌సీ, అంటే మెడికో-లీగల్ నివేదిక రాసి పోలీసులకు తెలియజేయాలి. ఆ మాట వినగానే అవ్వ చేతులు వణికాయి. "నేనే పెట్టిన్నని రాస్తరా సారూ?" అంది. ప్రమాదవశాత్తూ జరిగిందని ఎంఎల్‌సీలో స్పష్టంగా రాసి, ఆమెకు చదివి వినిపించాను. చదివి వినిపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. మనవణ్ని కాపాడుకోవడానికి రాత్రంతా మెలకువగా ఉన్న మనిషి నేరం చేసినదానిలా బెంచీ మీద కూర్చోకూడదు కదా.

నేను అడగని ప్రశ్న

ఇది నా తప్పు. మధ్యాహ్నం 12 గంటల రౌండ్స్‌లో బాబు మంచం పక్కన చెల్లెలు గింజలున్న సీసాతో ఆడుకుంటోంది. సీసా లాక్కోబోతే "నేను గూడ దుకాణంల కొన్న" అంది. నాకు గుండె జారిపోయింది. ఏడు గంటలుగా ఆ పాప నా కళ్ల ముందే ఉంది. ఇద్దరూ కలిసి ఆడారని అవ్వ మొదటి నిమిషంలోనే చెప్పింది. నేను మాత్రం జబ్బు పడ్డవాడి గురించే అడిగాను. రోగి కానివాళ్ల గురించి అడగాలన్నది విషం కేసుల్లో మొదటి పాఠం.

పాపకు 4 ఏళ్లు, 13 కిలోలు. తిన్నది రెండో మూడో. పై తోలు ఒలవడం రాలేదు, అన్న చూడకుండా అలాగే మింగేసిందట. 20 గంటలు గడిచినా ఒక్క వాంతి లేదు, విరేచనం లేదు. పరీక్షలన్నీ బాగున్నాయి. అయినా పంపలేదు. బాబు పక్క మంచం ఇచ్చి, రోజూ మలం చూడమని ఆయమ్మకు చెప్పాం.

రెండో రోజు సాయంత్రం ఒక గింజ, మూడో రోజు పొద్దున ఇంకొకటి వచ్చాయి. ఆయమ్మ కడిగి కాగితం మీద పెట్టి తెచ్చింది. నేను భూతద్దం పెట్టి చూశాను. మరకలు చెరిగిపోలేదు, మెరుపు తగ్గలేదు, కొసన ఉన్న బుడిపె మాత్రం మెత్తబడింది. తోలు మీద ఒక్క పగులు కూడా లేదు. పొట్టలోని యాసిడ్‌లో, పేగుల్లోని ఎంజైముల్లో రెండు రోజులు ఉండి వచ్చిన గింజ అది. ఒకే వాకిట్లో, ఒకే గంటలో, ఒకే రాశిలోంచి తీసుకుని అన్నాచెల్లెళ్లు తిన్నారు. ఒకడు లేచి కూర్చోలేని స్థితికి వెళ్లాడు, ఇంకొకామెకు కడుపునొప్పి కూడా రాలేదు. ఆ తేడా అంతా పళ్ల దగ్గర జరిగింది. బెజ్జం పెట్టిన గురిగింజను ప్రమాదం అన్నది ఇందుకే. దాని తోలును మనమే ముందుగా తొలిచి పెట్టాం.

పిల్లవాడి లోపల ఏం జరిగింది

రిసిన్ అనే పేరు పెట్టింది హెర్మన్ స్టిల్‌మార్క్. 1888లో, ఇప్పటి ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, ఆముదపు గింజలోని విషం ఒక ప్రొటీన్ అని ఆయన తన థీసిస్‌లో చూపాడు. అది సెల్‌ను ఎలా చంపుతుందో ఖచ్చితంగా తెలియడానికి ఆ తర్వాత దాదాపు వంద ఏళ్లు పట్టింది.

మన ప్రతి సెల్‌లో ప్రొటీన్లు తయారు చేసే రైబోజోమ్‌లు లక్షల సంఖ్యలో ఉంటాయి. నేను మెడికల్ విద్యార్థులకు గద్వాల మగ్గం చూపించి చెబుతాను. పైన జకార్డ్ అట్టలు తిరుగుతుంటాయి, వాటి మీద ఉన్న బెజ్జాలను బట్టి అంచులో నెమలి వస్తుందో రుద్రాక్ష వస్తుందో నిర్ణయం అవుతుంది. సెల్‌లో అట్టల పని ఎంఆర్‌ఎన్‌ఏది. నూలు అమైనో ఆమ్లాలు. మగ్గం రైబోజోమ్. రిసిన్ అట్టలను ముట్టుకోదు, నూలును తెంపదు. మగ్గంలోని ఒకే ఒక్క పుల్లను ఊడబీకుతుంది. జపాన్‌కు చెందిన ఎండో, త్సురుగి 1987లో ఆ పుల్ల ఏదో చూపించారు. ఎలుక కాలేయపు రైబోజోమ్‌లో 28ఎస్ ఆర్‌ఎన్‌ఏ మీద 4,324వ స్థానంలో ఉన్న ఒక అడెనిన్ అది. వేల అక్షరాల్లో ఒక్క అక్షరం. అది ఊడితే ఆ రైబోజోమ్ ఇక ప్రొటీన్ నేయలేదు. ఒక్క రిసిన్ అణువు నిమిషానికి 1,500కు పైగా రైబోజోమ్‌లను ఇలా ఆపగలదు.

అయితే అది సెల్‌లోకి ఎలా వెళ్తుంది? నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. రిసిన్‌లో రెండు భాగాలు ఒక సల్ఫర్ బంధంతో అతికి ఉంటాయి. ఏ-చెయిన్ పుల్ల పీకేది. బీ-చెయిన్ తలుపు తీసేది. సెల్ పైన ఉండే గెలాక్టోజ్ చక్కెరను బీ-చెయిన్ పట్టుకుంటుంది, సెల్ దాన్ని లోపలికి లాక్కుంటుంది. లోపలికి వెళ్లినదాంట్లో ఎక్కువ భాగం నాశనమైపోతుంది. కొద్ది భాగం మాత్రం సెల్ సొంత ప్రొటీన్లు బయటికి వెళ్లే దారిలో ఎదురు నడిచి, సెల్ లోపలి అరలైన గాల్జీ మీదుగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కు చేరుతుంది. అక్కడ బంధం తెగి, ఏ-చెయిన్ ఒక్కటే రైబోజోమ్‌లున్న చోటికి జారుకుంటుంది.

ఏ-చెయిన్ లాంటి ప్రొటీన్లు మన వంటింట్లోనే ఉన్నాయి. కాకరగింజల్లో మోమార్డిన్ ఉంది, బార్లీలో ఒకటి ఉంది. పైన చెప్పిన అడవి ఆముదంలో కర్సిన్ ఉంది. ఇవన్నీ పరీక్ష నాళికలో రైబోజోమ్‌ను రిసిన్ లాగే ఆపుతాయి. కానీ వీటికి బీ-చెయిన్ లేదు, తలుపు తీసే చెయ్యి లేదు. అందుకే వండిన కాకరకాయ గింజలతో సహా తిని మనం హాయిగా ఉంటున్నాం. అవ్వ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. రిసిన్ నీళ్లలో కరిగే ప్రొటీన్, నూనెలో కరగదు. గానుగ ఆడితే అది చెక్కలో ఉండిపోతుంది, నూనెలోకి రాదు. పైగా మన ఇళ్లలో ఆముదం తీసేటప్పుడు గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన నూనెను తేరుస్తారు. అంత వేడికి ప్రొటీన్ తన ఆకారం కోల్పోతుంది. అవ్వకు ఈ మాట చెబితే వెంటనే అందుకుంది. "అందుకేనేమో సారూ, ఆముదపు చెక్క గొడ్లకు పెట్టొద్దంటరు." పొలంలో ఎరువుగా చల్లిన ఆముదపు చెక్క తిని కుక్కలు చనిపోవడం పశువైద్యులు చూస్తూనే ఉంటారు.

రైబోజోమ్ ఆగగానే సెల్ చచ్చిపోదు. అప్పటికే నేసి పెట్టుకున్న ప్రొటీన్లతో కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. అందుకే సాయంత్రం 4 గంటలకు తిన్న పిల్లవాడు 8 గంటల దాకా ఆడుకున్నాడు. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదవుతుంది. అంత వేగంగా పెరగాలంటే ఎడతెగకుండా ప్రొటీన్లు కావాలి. మొదటి దెబ్బ పేగుకే తగలడానికి కారణం అదే. పేగు దాటి రక్తంలోకి వెళ్లిన కొద్దిపాటి విషాన్ని ఎక్కువగా లాక్కునేది కాలేయం.

మూడో రోజు

రెండో రోజు రాత్రికి విరేచనాలు తగ్గాయి. బాబు పెరుగన్నం అడిగాడు. ఇంటికి వెళ్తామని అవ్వ, పంపొద్దని నేను. పుణె నుంచి తండ్రి ఫోన్‌లో "పిల్లగాడు మంచిగున్నడంటుంది కద సార్, ఖర్చు..." అని ఆగిపోయాడు. వాళ్ల పరిస్థితి నాకు తెలుసు. రెండు రోజుల గది అద్దె తీసేసి, పిల్లలిద్దరినీ ఉంచాను. మూడో రోజు ఉదయం ఎస్‌జీపీటీ 164. పైకి ఏమీ తెలియడం లేదు, ఆడుతున్నాడు, తింటున్నాడు. నాలుగో రోజు 140, ఐదో రోజు 96. ఐఎన్‌ఆర్ కదలలేదు. క్రియాటినిన్ రెండో రోజుకే 0.5కు దిగింది. ఐదో రోజు సాయంత్రం ఇద్దరినీ ఇంటికి పంపాం.

ఆముదపు గింజ విషం అనగానే అందరికీ 1978లో లండన్‌లో గొడుగు మొన గుచ్చి చంపారని చెప్పే బల్గేరియా రచయిత మార్కోవ్ కథ గుర్తొస్తుంది. ఆ కథ వల్ల ఒక గింజ తిన్నా చావే అన్న భయం పుట్టింది. రసాయన ఆయుధాల ఒప్పందం రిసిన్‌ను మొదటి షెడ్యూల్‌లో పెట్టిన మాట నిజమే. కానీ నోటి ద్వారా గింజలు వెళ్లిన పిల్లలు సకాలంలో సెలైన్ ఎక్కిస్తే ఎక్కువ మంది బతుకుతారు. చంపేది ముందుగా నీళ్లు పోవడమే. దానికి మందు ప్రతి పీహెచ్‌సీలో ఉంది.

ఇదే దెబ్బ మందుగా

రౌండ్స్ అయ్యాక హౌస్ సర్జన్ అడిగింది: "సార్, ప్రొటీన్ తయారీ ఆపేది విషమైతే, అజిత్రోమైసిన్ కూడా అదే కదా చేస్తుంది?" అవును. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, జెంటామైసిన్, మేం రోజూ రాసే ఈ మూడూ బ్యాక్టీరియా రైబోజోమ్‌నే పట్టుకుంటాయి. బ్యాక్టీరియా మగ్గం మన మగ్గం కన్నా వేరు కాబట్టి మనం బతుకుతున్నాం. ఆ తేడాలను అణువణువునా చూపించినందుకే వెంకీ రామకృష్ణన్, స్టైట్జ్, యోనాథ్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. మన సొంత సెల్‌నే చంపాల్సి వచ్చినప్పుడు, అంటే క్యాన్సర్‌లో, ఆ తేడా దొరకదు. అక్కడ ఒకే దారి ఉంది: విషం ఏ తలుపు గుండా వెళ్లాలో మనమే నిర్ణయించడం.

ఈ ఆలోచనకు మూలపురుషుడు పాల్ ఎర్లిక్. 1891లో ఆయన ఎలుకలకు రిసిన్, అబ్రిన్ కొద్దికొద్దిగా ఇస్తూ పోయి, అవి తట్టుకునేలా చేశాడు. ఒక విషానికి అలవాటుపడ్డ ఎలుక రెండోదానికి చచ్చిపోయింది. రక్తంలో తయారైన రక్షణ ఒక్కో విషానికి ఒక్కోటిగా ఉంటుందని అలా తేలింది. తల్లి నుంచి పిల్లలకు ఆ రక్షణ వెళ్తుందని కూడా ఆయనే చూపాడు. మేం టీకాల గురించి తల్లులకు చెప్పే మాటల్లో కొంత ఆముదపు గింజ నుంచి వచ్చిందే. రోగాన్నే వెతికి కొట్టే 'మంత్రపు తూటా' అన్న మాట కూడా ఆ ఎర్లిక్‌దే.

ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారు చేసే మోనోక్లోనల్ యాంటీబాడీలు చేతికి వచ్చాక ఆ మాటకు రూపం వచ్చింది. రిసిన్ నుంచి బీ-చెయిన్ తీసేసి, ఏ-చెయిన్‌ను క్యాన్సర్ సెల్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీకి అతికిస్తారు. తలుపు తీసే చెయ్యి మార్చారన్నమాట. వీటిని ఇమ్యునోటాక్సిన్లు అంటారు. అమెరికాలోని డల్లాస్‌లో ఎలెన్ విటెట్టా బృందం లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ రోగులకు, ఆ సెల్స్ పైన ఉండే సీడీ22 అనే గుర్తును పట్టుకునే ఇలాంటివి ఇచ్చి చూసింది. కొందరిలో గడ్డలు తగ్గాయి. కానీ రక్తనాళాల గోడల్లోంచి నీరు కారిపోయే సమస్య డోసు పెంచనివ్వలేదు. రెండో చిక్కు ఎర్లిక్ ఎలుకల్లో చూసిందే. మన శరీరం మొక్క ప్రొటీన్‌ను పరాయిదని గుర్తించి, దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేస్తుంది. రెండు మూడు డోసుల తర్వాత మందు పని చేయదు. రిసిన్‌తో చేసిన ఇమ్యునోటాక్సిన్ ఏదీ ఇప్పటిదాకా మందుల షాపుకు రాలేదు. బ్యాక్టీరియా విషాలతో చేసినవి వచ్చాయి. డిఫ్తీరియా విషంతో చేసిన డెనిల్యూకిన్‌కు 1999లో, సూడోమోనాస్ విషంతో చేసిన మోక్సెటుమోమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి దొరికింది. రెండోదాన్ని కంపెనీ తర్వాత అక్కడి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

మొక్కల వైపు నుంచి గెలిచింది ఒక చిన్న అణువు. సెఫలోటాక్సస్ అనే చైనా చెట్టులోని హోమోహారింగ్టోనిన్. ఇది రైబోజోమ్‌లో అమైనో ఆమ్లాలు అతికే చోటే కూర్చుని దారి మూసేస్తుంది. చైనా డాక్టర్లు 1970ల నుంచే దీన్ని బ్లడ్ క్యాన్సర్‌కు వాడారు. 2012లో ఒమాసెటాక్సిన్ పేరుతో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌లో ఇమాటినిబ్ లాంటి మందులు రెండు విఫలమైన వాళ్ల కోసం. ఇది ఏ తలుపూ వెతకదు, అన్ని సెల్స్‌లోకీ వెళ్తుంది. అయితే ఆ క్యాన్సర్ సెల్స్ బతికేది కొన్ని పొట్టి ఆయుష్షు ప్రొటీన్ల మీద. వాటిని గంటగంటకూ కొత్తగా నేసుకోవాలి. మగ్గం కాసేపు ఆగితే ముందుగా కూలేవి అవే. ప్లేట్‌లెట్లు పడిపోవడం దీని ప్రధాన ఇబ్బంది.

మన దేశానికి ఇది కొత్త సంగతి కూడా కాదు. 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ అమీబిక్ జిగట విరేచనాలకు ఎమెటిన్ ఇంజెక్షన్ వాడి ప్రాణాలు కాపాడాడు. ఇపెకాక్ వేరు నుంచి వచ్చిన ఎమెటిన్ చేసేదీ ప్రొటీన్ తయారీని ఆపడమే. గుండె మీద దెబ్బ కొడుతుందని మెట్రోనిడజోల్ వచ్చాక మానేశారు. విరుగుడు వైపు కూడా పని జరుగుతోంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అంజలి కరండే బృందం అబ్రిన్‌ను అడ్డుకునే డీ6ఎఫ్10 అనే మోనోక్లోనల్ యాంటీబాడీని తయారు చేసింది. ఎలుకలను అది కాపాడింది. విటెట్టా బృందం ఏ-చెయిన్‌లో రెండు అమైనో ఆమ్లాలు మార్చి రిసిన్‌కు టీకా తయారు చేసింది. ఆముదం పండే ఈ నేల మీద పని చేసేవాడిగా నాకు ఆ విరుగుడు యాంటీబాడీల మీదే ఎక్కువ ఆశ. లింఫోమా రోగులు నా దగ్గరకు రారు, గింజలు నమిలిన పిల్లలు వస్తారు.

రెండు వారాల తర్వాత

సంక్రాంతికి తండ్రి పుణె నుంచి వచ్చి పిల్లలిద్దరినీ తీసుకొచ్చాడు. బాబు ఎస్‌జీపీటీ 34, బరువు 20 కిలోలు. ఆముదాలు ఇప్పుడు మిద్దె మీద ఎండబోస్తున్నామని, నిచ్చెన తీసి పక్కన పెడుతున్నామని అవ్వ కబురు పంపింది. ఆ ఊరి ఆశా కార్యకర్తకు, రాత్రి ఇంజెక్షన్ చేసినాయనకు నేను ఫోన్ చేసి మాట్లాడాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు: "అయితే సార్, ఇకనుంచి వాంతులతో పిల్లలొస్తే ముందు ఏమడగాలె?"

ఏ గింజ, ఎన్ని, నమిలాడా మింగాడా, పక్కన ఇంకెవరు ఆడారు. నాలుగూ ఆయన కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది.

పాప పొట్టలోంచి వచ్చిన రెండు గింజలు నా టేబుల్ మీద చిన్న సీసాలో ఉన్నాయి. ప్రతి కొత్త హౌస్ సర్జన్ చేతిలో ముందు అవి పెట్టి, పగులు ఎక్కడుందో వెతకమంటాను.